గుడ్లగూబ గోళ్లు

(గుంటూరు బ్రాడీపేటలో ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ హాలుకి వినడానికి చాలాసార్లు వచ్చాను, మాట్లాడటానికి రావడం ఇదే మొదలు. నేను పశువుల డాక్టర్ని, రిటైరై ఆరేళ్లయింది. మంత్రశాస్త్రంలో జంతువుల గురించి మాట్లాడమని పిలిస్తే, ఎవరైనా పండితుణ్ణి పిలవండి బాబూ అన్నాను. కాదు మీరే రావాలన్నారు. ఎప్పుడో వాళ్లకు నేను చెప్పిన గుడ్లగూబ సంగతి వాళ్లు మర్చిపోలేదు, అదీ కారణం. కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

నాలుగేళ్ల కిందట, దీపావళి ఇంకా మూడు రోజులుందనగా, రాత్రి తొమ్మిది దాటాక ఒక కుర్రాడు అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఇంటర్ చదివే వయసు. పెట్టెలో పాత తువ్వాలు, తువ్వాల్లో గుడ్లగూబ. పాత గుళ్ల గోపురాల్లో, గోడౌన్లలో ఉంటుంది చూడండి, తెల్లటి ముఖం తమలపాకు ఆకారంలో ఉంటుంది, ఆ రకం. రెండు రెక్కలూ వీపు మీదకు లాగి పసుపు దారంతో కట్టేశారు. కుడికాలికి ఉండాల్సిన నాలుగు గోళ్లలో మూడు లేవు. పట్టకారుతో కత్తిరించినట్టున్నారు, గోరుతో పాటు వేలి చివర కూడా పోయింది, నెత్తురు గడ్డకట్టి తువ్వాలుకి అంటుకుపోయింది. నేను వేడినీళ్లలో దూది ముంచి ఆ తువ్వాలు విడదీస్తుంటే అది నన్ను పొడవలేదు, గీరలేదు. తల తిప్పి చూసింది, అంతే. గుడ్లగూబ కనుగుడ్డు మనలాగా గుంటలో కదలదు, అందుకని ఏం చూడాలన్నా తల మొత్తం అటు తిప్పాల్సిందే. అది మనవైపు చూసిందంటే పూర్తిగా మనవైపే చూసినట్టు.

కుర్రాడు ఏడుస్తున్నాడు. వాళ్ల మామయ్యకి మిర్చి వ్యాపారంలో గట్టి దెబ్బ తగిలిందట. ఒక గురువుగారి దగ్గరికి వెళ్తే, గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం, దీపావళి అమావాస్య రాత్రి దాని గోళ్లు పూజలో పెట్టి తర్వాత గల్లాపెట్టెలో దాచుకుంటే పోయిన డబ్బు తిరిగి వస్తుందని చెప్పాడట. పిట్టని ఎంతకు కొన్నారో కూడా చెప్పాడు. ఆ అంకె ఇక్కడ చెప్పను, వినేవాళ్లలో ఒక్కరికైనా అది బేరంలా వినిపిస్తుందేమోనని నాకు భయం. మిగిలిన గోళ్లు మర్నాడు తీద్దామనుకుని పడుకుంటే, ఈ పిల్లాడు మనసొప్పక ఎత్తుకొచ్చేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మవారి వాహనం అని వాళ్లు నిజంగానే నమ్మారు, నమ్మబట్టే పసుపు దారంతో కట్టారు. ఆ నమ్మకంతోనే దాని కాలి వేళ్లు నరికారు. ఈ రెండూ ఒకే మనిషి బుర్రలో ఎలా ఇమిడాయి?

నేను ఏ వైపు నుంచి మాట్లాడుతున్నానో ముందే చెప్పేస్తాను. మన పక్కన విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో బెజవాడకు తెచ్చారు. వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమ ఏమీ లేదని జనానికి చెప్పారు. వాళ్లంటే నాకు గౌరవం. అయితే నేను ఆ వైపు మనిషిని కాను. ముప్పై ఏళ్లకు పైగా బాలాత్రిపురసుందరి అమ్మవారి మంత్రం, బాలా మంత్రం అంటారు, అది జపం చేసుకుంటున్నాను, ఇవాళ పొద్దున కూడా చేసుకునే వచ్చాను. మంత్రం మీద, సాధన మీద గౌరవం ఉన్నవాడిగానే చెప్తున్నాను: మన మంత్రశాస్త్రంలో జంతువు సాధకుడు చూసి నేర్చుకోవాల్సిన గుర్తు. దాన్ని కోసి, ఎండబెట్టి, తాయెత్తులో కూరే సామాను చేసినవాడు జంతువుని చంపాడు, శాస్త్రాన్నీ చంపాడు.

మా తాతయ్య పాము మంత్రం వేసేవాడు. రేపల్లె వైపు, డెల్టాలో ఒక పల్లె మాది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవర్ని పాము కరిచినా, తేలు కుట్టినా మా వాకిట్లోకే తెచ్చేవాళ్లు. ఆయనకు కొన్ని నియమాలుండేవి. డబ్బు ముట్టుకునేవాడు కాదు, తీసుకుంటే మంత్రం పోతుందనేవాడు. పొట్లకాయ తినేవాడు కాదు. గ్రహణం పట్టినప్పుడు మా ఊరి కాలవలో పీకల్లోతు నీళ్లలో నిలబడి, విడిచేదాకా జపం చేసేవాడు, ఒడ్డున తుండుగుడ్డ పట్టుకుని నేను కూర్చునేవాణ్ణి. అన్నిటికంటే పెద్ద నియమం, జన్మలో పామును చంపకూడదు. ధాన్యం గాదె కింద నాగుపాము దూరితే ఊరంతా కర్రలు పట్టుకుని వచ్చినా, ఆయన అందరినీ బయటికి పంపి తలుపు తీసిపెట్టి, అది తనంతట తాను పోయేదాకా గుమ్మానికి దూరంగా కూర్చునేవాడు. "దాని పేరు చెప్పుకుని బతికేవాణ్ణి, దాన్ని కొడితే ఇంకేముందిరా" అనేవాడు. నాకు అర్థమైన మంత్రశాస్త్రంలో సగం ఆ మాటే.

కానీ ఇంకో సగం ఉంది, అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. నేను ఏడో తరగతిలో ఉండగా వానాకాలంలో ఒక రాత్రి పాలేరు ఒకతన్ని తెచ్చారు. నేల మీద పడుకుని ఉంటే ఏదో కుట్టినట్టయి లేచాడట. వాపు లేదు, మంట లేదు, కాటు కూడా సరిగా కనపడలేదు. కడుపులో నొప్పి అంటున్నాడు. తాతయ్య వేపమండతో దిగదుడిచి మంత్రం వేసి, ఏం పర్లేదు పడుకోమని పంపేశాడు. తెల్లారేసరికి మనిషి లేడు. అది కట్లపాము. ఆ పాము కాటు అంతే, నొప్పి తెలియదు, వాపు ఉండదు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆగిపోతుంది. మా ఊళ్లో కరిచే పాముల్లో చాలావరకు విషం లేనివే, విషమున్న పాము కూడా కొన్నిసార్లు విషం దించకుండా కరుస్తుంది, అందుకే అన్నేళ్లు మంత్రం పనిచేసినట్టు కనపడింది. ఇది నాకు వెటర్నరీ కాలేజీలో తెలిసింది, తాతయ్యకి ఆ పొద్దున్నే తెలిసింది. రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా వాకిట్లో దింపనిచ్చేవాడు కాదు. "బండి తిప్పండి, ఆస్పత్రికి పోదాం, మంత్రం దారిలో చదువుతా" అని తానే బండెక్కి కూర్చునేవాడు. రేపల్లె దాకా రోగి తల ఒళ్లో పెట్టుకుని చదువుతూనే ఉండేవాడు. ఆ మంత్రం ఆ మనిషికి ధైర్యం ఇచ్చింది, సూది మందు ప్రాణం ఇచ్చింది. నాకైతే ఈ రెంటికీ వైరుధ్యం ఏమీ కనపడదు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. సగటున ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. దయచేసి 108కి ఫోన్ చేయండి, మంత్రం దారిలో చదువుకోవచ్చు.

పాము గురించి ఇంకో మాట. మోపిదేవి వెళ్లినవాళ్లు ఉంటారు ఇక్కడ, అక్కడ సుబ్రహ్మణ్యస్వామిని పాము రూపంలో కొలుస్తారు, పుట్టలో పాలు పోస్తారు. రావిచెట్టు కింద నాగప్రతిమలు చూడండి, రెండు పాములు ఒకదాన్నొకటి పెనవేసుకుని పైకి లేస్తుంటాయి. యోగం చేసేవాళ్లకి అది చూడగానే వెన్నుకు అటూ ఇటూ సాగే ఇడ, పింగళ నాడులు గుర్తొస్తాయి, వెన్ను అడుగున మూలాధారంలో మూడున్నర చుట్లు చుట్టుకుని నిద్రపోయే కుండలినీ శక్తి గుర్తొస్తుంది. చుట్టుకుని పడుకున్న పామును దగ్గర్నుంచి చూసినవాడు ఎవడో ఈ పోలిక తెచ్చాడు, ఇంకేదీ దానికి సరిపోదు, అంత కదలిక లేకుండా అంత శక్తి దాచుకునే ప్రాణి మరొకటి లేదు. డాక్టరుగా నేను చెప్పాల్సింది, పాము పాలు తాగదు, దానికి అరగవు. నాగుల చవితికి మన వీధుల్లోకి బుట్టల్లో తెచ్చే పాములు పాలు తాగాయంటే, రోజుల తరబడి నీళ్లు పెట్టకుండా ఎండగట్టారని అర్థం. కోరలు పీకేసి ఉంటారు, నోరు చీము పట్టి ఉంటుంది. పుట్ట దగ్గర చిమ్మిలి, చలిమిడి పెట్టుకోండి, దణ్ణం పెట్టుకోండి, బుట్ట పాముకి మాత్రం డబ్బులు వేయకండమ్మా.

ఇప్పుడు అసలు శాస్త్రం లోపలికి వెళ్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. షట్చక్ర నిరూపణం అని ఒక గ్రంథం ఉంది, పూర్ణానందులు 1577లో రాసింది, కలకత్తా హైకోర్టు జడ్జిగా చేసిన జాన్ వుడ్రాఫ్ దాన్ని 1919లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. చక్రాలంటే వెన్ను వెంట ఉంటాయని చెప్పే శక్తి కేంద్రాలు. అందులో ఒక్కో చక్రంలో ఒక్కో బీజాక్షరం, అంటే ఒక్క అక్షరం మంత్రం, దాన్ని మోసే ఒక్కో జంతువు. మూలాధారంలో భూమి, లం బీజం, ఏనుగు మోస్తుంది. స్వాధిష్ఠానంలో నీరు, మకరం మోస్తుంది, అంటే మొసలి లాంటిది. బొడ్డు దగ్గర మణిపూరంలో నిప్పు, దానికి పొట్టేలు. గుండె దగ్గర అనాహతంలో గాలి, దానికి కృష్ణజింక. విశుద్ధంలో ఆకాశం, తెల్లఏనుగు. కనుబొమల మధ్య ఉండే ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఇక జంతువు లేదు.

నేను పశువైద్యంలో నలభై ఏళ్లు పనిచేశాను కాబట్టి ఇవి నాకు బొమ్మల్లా కనపడవు. పొట్టేలు ఢీకొట్టే ముందు రెండడుగులు వెనక్కి వేస్తుంది, తల దించుతుంది, దాని ఒళ్లు చేత్తో తాకితే లోపల ఏదో మరుగుతున్నట్టు ఉంటుంది. ఆకలి, కోపం, పట్టుదల అన్నీ మన పొట్టలో అలాగే ఉంటాయి. జింకను చూడండి, నేను ఒకసారి కుక్కలు తరిమిన జింకకు కుట్లు వేశాను, దాని గుండె నా అరచేతి కింద ఎంత వేగంగా కొట్టుకుందంటే లెక్కపెట్టలేకపోయాను, అక్కడ గట్టిగా మాట్లాడినా ప్రాణం పోయేట్టుంది. గుండె చక్రంలో జింకను పెట్టినవాడు జింకను ఎరిగినవాడే. హృదయం దగ్గరికి ఎలా వెళ్లాలో ఆ ఒక్క గుర్తు చెప్తుంది, చప్పుడు చేయకుండా వెళ్లాలి. ఆ జింక కొమ్మో చర్మమో కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టుకుంటే వచ్చేది ఫారెస్టు కేసు ఒక్కటే.

హంస కూడా అంతే. ఊపిరి హ అంటూ బయటికి పోతుంది, స అంటూ లోపలికి వస్తుంది, రోజుకి 21,600 సార్లు మనకు తెలియకుండానే ఈ జపం జరుగుతుందని యోగగ్రంథాలు చెప్తాయి. దీనికి హంసను ఎవరు పట్టుకురావాలి? ఊపిరే పక్షి.

బలి సంగతి అడుగుతారని తెలుసు. పోలేరమ్మ కొలుపుల్లో కోడిని కోసి ఊరంతా వండుకుతినడం గురించి ఇవాళ నేను మాట్లాడబోవడం లేదు, నేనూ మాంసం తింటాను, అది వేరే చర్చ. గుళ్లలో బలులను ఆపే చట్టం మనకు 1950 నుంచే ఉంది, అదీ అలా ఉంచండి. నేను చెప్పేది తాంత్రిక బలి గురించి. కాళి మీద కర్పూరాది స్తోత్రం అని ఉంది, అందులో పిల్లి, ఒంటె, గొర్రె, దున్నపోతు, మేక, నరుడు అని బలుల వరస వస్తుంది. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. దాని వ్యాఖ్యానంలో మేక అంటే కామం, దున్నపోతు అంటే క్రోధం, పిల్లి అంటే లోభం, గొర్రె అంటే మోహం, ఒంటె అంటే మాత్సర్యం, నరుడు అంటే మదం అని విప్పి చెప్పారు. తంత్రంలో పశువు అంటేనే పాశంతో కట్టుబడ్డ జీవుడు, అంటే మనమే. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ కాళ్ల కింద దున్నపోతును చూసి దణ్ణం పెట్టి, దిగి వచ్చి, క్యూలో పక్కవాడు తోశాడని కొట్లాటకు దిగుతాం. దున్నపోతు అక్కడే తిరుగుతోంది, మన లోపల. బూడిదగుమ్మడికాయకి కుంకుమ పూసి కొట్టే అలవాటు పెట్టిన పెద్దలు ఈ సంగతి తెలిసినవాళ్లే.

కోళ్ల దగ్గరికొస్తే మన జిల్లాల వాళ్లకి నేను చెప్పేదేముంది. కుక్కుట శాస్త్రం పట్టుకుని ఈక రంగు చూసి ఇది డేగ, ఇది కాకి, ఇది నెమలి, ఇది సేతువ అని తిథి, వారం, దిక్కు కలిపి లెక్కలు కడతారు. పల్నాటి కథలో ఒక పందెం ఓడినందుకు బ్రహ్మనాయుడి వర్గం ఏడేళ్లు ఊళ్లు విడిచి పోవాల్సి వచ్చింది. ఒక పక్షి ఈకల్లో ఆకాశాన్ని చదవాలనుకోవడం, నిజం చెప్పాలంటే ఎంత అందమైన ఆలోచన! కానీ చదివేది కాలికి కత్తి కట్టడానికి. సంక్రాంతి మూడు రోజులూ కడుపు చీరిన కోళ్లకు కుట్లు వేసిన చేతులివి, ఆ అందం గురించి ఎక్కువసేపు మాట్లాడలేను.

ఇప్పుడు బజారు. నక్క తోక తొక్కి వచ్చాడు అంటాం కదా, అదృష్టం పట్టినవాణ్ణి. ఆ సామెత చాలు, ఒకడు నక్క కొమ్ము అమ్మడం మొదలుపెట్టాడు. నక్కకు కొమ్ములుండవు. వెంట్రుకలున్న తోలుముక్కలో ఎముక ముక్క పెట్టి కుట్టి, సిందూరంలో పెట్టి ఇస్తారు. దానికోసం ఎక్కడో నిజం నక్క చస్తుంది. హత్తాజోడి అని ఇంకోటి, రెండు చేతులు జోడించినట్టుండే అరుదైన చెట్టు వేరు అని చెప్పి పూజాసామగ్రి పేరుతో ఆన్‌లైన్లో కూడా అమ్మారు. 2017లో పరిశోధకులు పరీక్షించి తేల్చారు, అది వేరు కాదు, మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టింది. దేవుడి గదిలో పెట్టుకుని రోజూ దణ్ణం పెట్టిన ఒక పెద్దావిడకి ఈ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ భక్తిలో లోపం లేదు, ఆవిణ్ణి మోసం చేశారు.

ఇరుతల పాము కూడా ఇదే దారి. దాని తోక మొద్దుగా ఉంటుంది కాబట్టి తలలా కనపడుతుంది, రెండో తల లేదు. ఎలుకలు తిని, మట్టిలో దూరి బతికే మెత్తటి ప్రాణి. గుప్తనిధి చూపిస్తుందని, కోట్లు పలుకుతుందని పట్టుకుని కాటాలో తూస్తారు. దేవాంగపిల్లి అని కోతి జాతికి చెందిన చిన్న ప్రాణి ఉంది, దాన్ని పెద్ద కళ్లున్నందుకు వశీకరణం అని పట్టుకుంటారు. రాత్రి చీకట్లో పురుగులు వెతుక్కోవడానికి దేవుడిచ్చిన కళ్లవి. 1972 వన్యప్రాణి చట్టం కింద దేవాంగపిల్లిని పట్టుకున్నా, చంపినా మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. చిలకజోస్యం చిలక కూడా చట్టం రక్షించే పక్షే, పంజరంలో పెట్టడం నేరం. శుకమహర్షి పేరులో ఉంది చిలక, మాతంగీదేవి చేతిలో ఉంది, ఎక్కడా రెక్క కత్తిరించి లేదు.

భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదువు దగ్గర తన 24 మంది గురువుల గురించి చెప్తాడు. పావురం, కొండచిలువ, మిడత, తేనెటీగ, ఏనుగు, లేడి, చేప, పాము, సాలీడు, కందిరీగ, వీటన్నిటినీ గురువులన్నాడు. అతను చేసిందల్లా వాటిని చూసి నేర్చుకోవడం. అంతకంటే పెద్ద సాధకుడు మనకెవరున్నారు? అతని జోలెలో ఒక్క గోరు లేదు, ఒక్క ఈక లేదు.

గుడ్లగూబతో మొదలుపెట్టాను, దాని సంగతి పూర్తి చేస్తాను. భారతంలో యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామ మర్రిచెట్టు కింద మెలకువగా ఉంటాడు. చెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూస్తాడు. చూసి, నిద్రపోతున్నవాళ్లను చంపొచ్చని నేర్చుకుంటాడు. మరోవైపు వైశేషికమనే తత్త్వదర్శనం చెప్పిన కణాదుడికి ఉలూకుడని పేరు, ఉలూకమంటే గుడ్లగూబ, ఆ దర్శనాన్నే ఔలూక్యమన్నారు. అదే పక్షి, ఒకడు దాన్ని చూసి హత్య నేర్చుకున్నాడు, ఇంకొకడి పేరు మీద పరమాణువుల శాస్త్రం నిలిచింది. లక్ష్మి వాహనంగా దాన్ని ఎక్కువగా బెంగాల్ వైపు కొలుస్తారు. ఎందుకు లక్ష్మి వాహనమైందో నాకు తోచింది చెప్తాను. మా డెల్టాలో వరి పండించేవాడికి ఎలుకకు మించిన శత్రువు లేదు. ఒక గుడ్లగూబ రాత్రికి రెండు మూడు ఎలుకల్ని పట్టుకుపోతుంది, దాని రెక్కల అంచున దువ్వెన పళ్లలాంటి ఈకలుంటాయి కాబట్టి ఎగిరితే చప్పుడు కూడా రాదు. గాదెలో ధాన్యం లక్ష్మి అయితే, ఆ లక్ష్మిని మోసేది ఎవరో రైతుకి వేరే చెప్పాలా.

మా ఇంటికి వచ్చినదాన్ని పదకొండు రోజులు వాడని స్నానాల గదిలో ఉంచాను. అటవీశాఖ వాళ్లకు మర్నాడే చెప్పాను, గాయం మానేదాకా కదిలించొద్దని వాళ్లూ అన్నారు. మాంసం ముక్కలు పటకారుతో నోటికి అందిస్తే తినేది. ఎగరగలిగేది, కానీ గోళ్లు లేని కాలితో ఎలుకను పట్టలేదు, కాబట్టి వదలడానికి లేదు. పన్నెండో రోజు వాళ్లొచ్చి తీసుకెళ్లారు. ఆ కుర్రాడు కూడా వచ్చి జీపు పక్కన నిలబడ్డాడు. మామయ్య ఏమన్నాడని అడిగాను. ఇప్పటికీ మాట్లాడటం లేదండీ అన్నాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనక అమ్మగారు. మైక్ ఇవ్వండి వారికి... వాళ్ల డాబా మీద వాటర్ ట్యాంకు వెనక గుడ్లగూబ చేరిందట, రాత్రిళ్లు పాము బుసలు కొట్టినట్టు శబ్దం వస్తోందట, ఇంట్లో అశుభమని అత్తగారు టెన్షన్ పడుతున్నారట, శాంతి చేయించాలా అని అడుగుతున్నారు.

అమ్మా, ఆ బుస పాముది కాదు, దయ్యానిదీ కాదు. పిల్లలు పెట్టినట్టుంది. ఆకలేసినప్పుడు పిల్లలు అలాగే బుసకొట్టినట్టు అరుస్తాయి, తల్లి తిండి తెచ్చేదాకా ఆపవు. రెండు నెలల్లో ఎగిరిపోతాయి. అత్తగారి మనసు కుదుటపడుతుందంటే కింద దేవుడి గదిలో దీపం పెట్టుకోమనండి, తప్పేం లేదు. డాబా మీదకి మాత్రం ఎవర్నీ నిచ్చెన వేయనివ్వకండి, దీపావళి వెళ్లేదాకా ఆ ట్యాంకు సంగతి బయట ఎవరికీ చెప్పకండి. మీ వీధి పేరు కూడా ఇక్కడ చెప్పొద్దమ్మా.